ఏ గుడికి వెళ్దామంటావమ్మాయ్?

అమ్మాయ్, బాబు పడుకున్నాడా? అయితే ఆ బకెట్ అక్కడ పెట్టి కాసేపు ఇలా గోడ దగ్గరికి రా. నిన్న గేటు దగ్గర నువ్వన్న మాట రాత్రంతా నా మనసులోనే తిరిగింది. "మళ్లీ గుడికి వెళ్దామనుకుంటున్నాం ఆంటీ, కానీ ఏ గుడికో తేలడం లేదు. నేను లూథరన్ పిల్లని, ఆయన బాప్టిస్టు" అన్నావు చూడు, నాకెంత సంతోషం కలిగిందో చెప్పలేను. ఇంజనీరింగ్ హాస్టల్లో ఉండగా మానేసి, ఉద్యోగాల్లో పడ్డాక క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ తప్ప గుడి మెట్లెక్కని పిల్లలు, ఎవరూ చెప్పకుండా తమంతట తామే వెళ్దామనుకోవడం మామూలు సంగతి కాదు. మా మేనల్లుళ్లు, మేనకోడళ్ల కోసం నేను చేసుకునే ప్రార్థన కూడా ఇదే. అంకుల్‌కి చెబితే, "తొందరపెట్టకు, వాళ్లని నిదానంగా చూసుకోనీ" అన్నారు. తొందరపెట్టనులే. కానీ నాకు తెలిసిన నాలుగు ముక్కలు చెప్పకుండా ఉండలేను.

అసలు నువ్వు లూథరన్‌వి ఎలా అయ్యావో ఎప్పుడైనా ఆలోచించావా? మీ ముత్తాతగారు అన్ని సంఘాలూ చూసి ఎంచుకున్నది కాదు తల్లీ అది. ఆయన ఊరు గుంటూరు పక్కన. 1842లో ఫాదర్ హయ్యర్ అనే అమెరికా లూథరన్ మిషనరీ గుంటూరు వచ్చి దిగారు. అందుకని ఆ చుట్టుపక్కల క్రైస్తవులు లూథరన్లయ్యారు. మీ ఆయనవాళ్లది ఒంగోలు వైపు. నెల్లూరు, ఒంగోలు అమెరికన్ బాప్టిస్టులవి. కాకినాడ, దానికి పైన ఉత్తరాది ఊళ్లు కెనడా బాప్టిస్టులవి. నర్సాపురం, పాలకొల్లు వైపు 1836లో వచ్చిన బౌడెన్, బీర్ అనే ఇద్దరు దొరల వల్ల బ్రదరెన్ సభలు వెలిశాయి. మా బందరులో 1841లో నోబుల్ దొర, ఫాక్స్ దొర దిగారు కాబట్టి మా పెద్దవాళ్లు ఆంగ్లికన్లు. అంకుల్ వాళ్లది మెదక్, అది వెస్లియన్ మెథడిస్టులది. పాలమూరేమో మెనొనైట్ బ్రదరెన్ వాళ్లది. ఒకరు పని చేసే చోట ఇంకొకరు వేలు పెట్టకూడదని మిషన్లవాళ్లు తమలో తాము ఒప్పందాలు చేసుకున్నారు. మన పెద్దవాళ్లు యేసుప్రభువుని నమ్ముకున్నారు. ఏ సంఘమన్నది మాత్రం ఊరిని బట్టి వచ్చింది. మీ ముత్తాతగారు ఇంకాస్త దక్షిణాన పుట్టి ఉంటే ఈపాటికి నువ్వూ బాప్టిస్టువే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మీ అమ్మగారూ మీ అత్తగారూ ఫోన్లలో "మనది మనం వదులుకోకూడదు" అంటున్నారని చెప్పావు కదా. వాళ్ల బాధ నాకు తెలుసు. ఆ గుళ్లలోనే వాళ్ల పెళ్లిళ్లయ్యాయి. వాళ్ల అమ్మానాన్నల్ని ఆ సమాధుల తోటల్లోనే పెట్టుకున్నారు. మట్టల ఆదివారం నాడు చిన్నప్పుడు ఈతమట్టలు పట్టుకుని ఆ వీధుల్లోనే తిరిగారు. వాళ్లు ఏం మాట్లాడినా ఎదురు చెప్పకు. కానీ హైదరాబాదులో ఇల్లు కట్టుకున్న మీకు ఆ పాత ఒప్పందాలేవీ వర్తించవు. మీ రెండు కుటుంబాల్లోనూ చూసి, ఆలోచించి, ఎంచుకుని సంఘంలో చేరబోయే మొదటివాళ్లు మీరే. దీన్ని భారం అనుకోవద్దు. మన ముందువాళ్లకి దొరకని భాగ్యమిది.

"అయితే ఏ గుడైనా ఒకటేనా ఆంటీ?" అంటావా? ఒకటి కాదమ్మా. ప్రభువు ఒక్కడే, కానీ సంఘాల మధ్య తేడాలు నిజమైనవే. ఒక్కోదాని కోసం కష్టాలు పడ్డవాళ్లున్నారు. అవేమిటో తెలుసుకోకుండా ఏసీ బాగుంది, బ్యాండ్ బాగుంది, కారు పెట్టుకోవడానికి చోటుంది అని వెళ్లి కూర్చుంటే, ఏడాది తిరక్కుండానే మళ్లీ మానేస్తారు. అలా మానేసినవాళ్లని ఈ కాలనీలోనే చూశాను.

మీ ఇద్దరికీ అసలు చిక్కు బాప్తిస్మం దగ్గర ఉంది. బాబుకి ఇంకా ఇప్పించలేదేమని మీ అమ్మగారు, చంటిపిల్లాడి తల మీద నీళ్లు చల్లితే అది బాప్తిస్మమే కాదని మీ అత్తగారు. మీరిద్దరూ మధ్యలో నలుగుతూ గుడి మాటే ఎత్తడం మానేశారు. అవునా? అందుకే ముందు దీన్ని తేల్చుకోండి. పాటలు, ప్రసంగాలు, గుడి ఎంత దూరం అన్నవి తర్వాత.

లూథరన్లు ఏమంటారంటే, బాప్తిస్మం దేవుడు చేసే పని. మనకి తెలివి రాకముందే ఆయన మనల్ని తన బిడ్డలుగా చేసుకుంటాడు. అందుకే చంటిబిడ్డకి ఇస్తారు. తల్లిదండ్రులూ, జ్ఞాన తల్లిదండ్రులూ, సంఘమంతా వాణ్ణి విశ్వాసంలో పెంచుతామని మాట ఇస్తారు. పెద్దయ్యాక పాఠాలు నేర్చుకుని, కన్ఫర్మేషన్ రోజున ఆ విశ్వాసాన్ని వాడే తన నోటితో ఒప్పుకుంటాడు. మా సి.ఎస్.ఐ.లోనూ, అంటే దక్షిణ ఇండియా సంఘంలోనూ, ఇదే పద్ధతి. బాప్టిస్టుల మాట వేరు. నమ్మినవాడే బాప్తిస్మం తీసుకోవాలి, అది వాడిచ్చే సాక్ష్యం, పూర్తిగా నీళ్లలో మునిగి లేవాలి అంటారు. చంటిబిడ్డని గుడికి తీసుకొస్తే పాస్టరుగారు ఎత్తుకుని ప్రార్థన చేసి ప్రభువుకి ప్రతిష్ఠిస్తారు. బాప్తిస్మం మాత్రం వాడు పెద్దవాడై అడిగినప్పుడే. రెండు వైపులా వాక్యం చూపిస్తారు. రెండు వైపులా నాకన్నా వెయ్యిరెట్లు భక్తిపరులున్నారు.

మీ అత్తగారి పట్టుదల ఎక్కడి నుంచి వచ్చిందో మీ ఆయన నీకెప్పుడైనా చెప్పాడా? 1876 నుంచి 78 దాకా మన దేశంలో పెద్ద కరువు. ఒంగోల్లో ఉన్న క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొంతభాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో చచ్చిపోతున్న జనానికి పని చూపించాడు. ఆ పని సాగినన్నాళ్లూ ఎవ్వరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూటి కోసం కలిశారనే మాట రాకూడదని ఆయన పట్టు. కరువు పని ముగిశాక, 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. తెలుగు బోధకులే వంతులవారీగా ఏట్లోకి దిగి ఇచ్చారు. అంతకు ముందే, 1866లో, యర్రగుంట్ల పేరయ్యగారు బాప్తిస్మం తీసుకున్నారు. మాదిగ కుటుంబంలో పుట్టి తోళ్ల వ్యాపారం చేసుకునే మనిషి. ఆ పల్లెల్లోకి సువార్తని కాలినడకన మోసుకెళ్లింది ఆయనే. ఆ ఏటి గట్టున నిలబడ్డవాళ్ల మునిమనవరాలికి నీళ్లలో మునగడం అంటే ఎంత పెద్ద సంగతో చూడు. ఈసారి ఆవిడ ఫోన్లో గట్టిగా మాట్లాడితే ఇది గుర్తు తెచ్చుకో.

సరే, మీ ఇంటి సంగతికొద్దాం. మీ ఆయన మునిగి తీసుకున్నాడు కాబట్టి లూథరన్ గుళ్లో గానీ సి.ఎస్.ఐ. గుళ్లో గానీ అతణ్ణి మళ్లీ తీసుకోమని అడగరు. నువ్వు బాప్టిస్టు గుళ్లో సభ్యురాలివి కావాలంటే మాత్రం సాధారణంగా మునగాలంటారు. బ్రదరెన్, హెబ్రోను సహవాసం, పెంతెకొస్తు సంఘాల వాళ్లదీ అదే మాట. ఇక కేథలిక్కులు, తండ్రి కుమార పరిశుద్ధాత్మల నామంలో నీళ్లతో ఇచ్చిన బాప్తిస్మాన్ని ఒప్పుకుంటారు, మళ్లీ ఇవ్వరు. వాళ్లలో కలవాలంటే కొన్నాళ్లు వాళ్ల బోధ నేర్చుకోవాలి.

నా మనసులో మాట చెప్పేస్తాను. నీకు మునిగి తీసుకోవాలని నిజంగా అనిపిస్తే తీసుకో, నేనే వచ్చి నీ పక్కన నిలబడతాను. మా చెల్లెలు నర్సాపురం బ్రదరెన్ ఇంటి కోడలైంది. పెళ్లయ్యాక చాలాకాలం వాక్యం చదువుకుని, ఎవరూ అడగకుండా తనే తీసుకుంది. దానికి అది జీవితంలో గొప్పరోజు. మేమందరం వెళ్లాం. కానీ అత్తగారి కోసమనో, సభ్యత్వం కోసమనో, ఆ గుళ్లో ఫ్రెండ్స్ ఉన్నారనో మునగవద్దు. మాకు తెలిసిన ఒకబ్బాయికి మూడుసార్లు ఇచ్చారమ్మా! చిన్నప్పటిది చెల్లదని ఒకరు, ఆ రెండోది ఇచ్చిన పాస్టరుకి అభిషేకం లేదని ఇంకొకరు. ఇప్పుడా అబ్బాయి తనది ఏది నిజమో తెలియక ఏ గుడికీ వెళ్లడం లేదు. ఇది చూస్తే నాకు చాలా కోపం వస్తుంది. బాప్తిస్మం ఒక్కటేనని పౌలు ఎఫెసీయులకి రాసిన పత్రికలో అంత స్పష్టంగా ఉండగా, కొత్త సభ్యుల లెక్క కోసం పిల్లల మనసుల్ని ఇలా విరగ్గొట్టడం పాపం.

అంటే మా సి.ఎస్.ఐ.కి రమ్మంటున్నానని కాదు. అయినా దాని కథ నీకు తెలియాలి. స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకి, 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి ఒక్క సంఘమయ్యారు. బిషప్పులు ఉన్న సంఘమూ, లేని సంఘమూ కలవడం ప్రపంచంలో అంతకుముందు ఎక్కడా జరగలేదు. బందరు పిల్లనైన నేను మెదక్ కోడలినైనప్పుడు ఏ ఇంట్లోనూ సంఘం మాటే రాలేదంటే ఆ కలయిక వల్లే. దానికోసం ఏళ్ల తరబడి తిరిగినవాళ్లలో దోర్నకల్ బిషప్ అజరయ్యగారు ముఖ్యులు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు అయినవారు. ఆ ఐక్యత చూడకుండానే 1945లో కన్నుమూశారు. లూథరన్లూ బాప్టిస్టులూ మాత్రం అప్పుడు కలవలేదు. కలిసి ఉంటే ఈరోజు నీకు ఈ సందేహమే ఉండేది కాదు. అది తలచుకుంటే నాకు దిగులేస్తుంది.

ఆ తర్వాత చూడాల్సింది ప్రభువు బల్ల. ఎవరిని రానిస్తారు, ఎవరిని ఆపుతారు, ఎన్నాళ్లకోసారి ఇస్తారు అని అడుగు. బ్రదరెన్ వాళ్లు ప్రతి ఆదివారం రొట్టె విరుస్తారు. వాళ్లకి జీతం తీసుకునే పాస్టరు ఉండడు, సంఘంలోని మగవాళ్లలో ఎవరికి ప్రేరణ కలిగితే వాళ్లు లేచి ప్రార్థిస్తారు, వాక్యం చెబుతారు. ఆడవాళ్లు ముసుగేసుకుని మౌనంగా కూర్చుంటారు. నా చెల్లెలికి అందులో నెమ్మది దొరికింది. నీలాంటి పిల్లకి, ఆఫీసులో పదిమందిని నడిపించేదానికి, అది సరిపోతుందా అన్నది నువ్వే చెప్పాలి. మా సి.ఎస్.ఐ.లో 1976 నుంచే ఆడవాళ్లు గురువులవుతున్నారు. 2013లో నంద్యాల అధ్యక్ష ఖండానికి పుష్పలలితగారు బిషప్పు అయ్యారు. సి.ఎస్.ఐ.లో బిషప్పు అయిన మొదటి స్త్రీ ఆవిడ. ఆ రోజు నేను ఏడ్చాను. సంతోషంతోనే.

కేథలిక్కుల పూజ సంగతి మా అన్నయ్య కూతురి పెళ్లినాడు దగ్గరగా చూశాం. ఆ అబ్బాయి వాళ్లు ప్రతి ఫిబ్రవరి గుణదల మాత తిరునాళ్లకి వెళ్లే కుటుంబం. ఎంత మర్యాదస్తులో! కానీ దివ్యసత్ప్రసాదం దగ్గర మా అన్నయ్యవాళ్లు తమ చోట్లలోనే కూర్చుండిపోవాల్సి వచ్చింది. వాళ్ల నియమం అది, తప్పు పట్టను. ఒకే బెంచీ మీద కూర్చున్న భార్యాభర్తల్లో ఒకరు లేచి వెళ్లి ఇంకొకరు ఆగిపోవడం మాత్రం కష్టం. మీ ఇద్దరూ ఎక్కడికి వెళ్లినా, ఇద్దరూ కలిసి ఆ బల్ల దగ్గరికి వెళ్లగలిగే చోటికే వెళ్లండి. ఇది మాత్రం నేను గట్టిగా చెబుతాను. కొన్ని ఇళ్లలో ఆయన ఒక గుడి, ఆవిడ ఒక గుడి. ఆదివారం పొద్దున పిల్లలు ఎవరి బండెక్కాలో తెలియక నిలబడతారు.

ఇంకా చాలా ఉన్నాయి మన ఊళ్లో. గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గర హెబ్రోను ఉంది, భక్త సింగ్‌గారు మొదలుపెట్టింది. సిక్కు కుటుంబంలో పుట్టి, కెనడాలో చదువుకుంటూ క్రీస్తుని తెలుసుకుని, మన తెలుగువాళ్ల మధ్యే 2000లో కన్నుమూశారు. అక్కడ ఆరాధన మధ్యాహ్నం దాకా సాగుతుంది, తర్వాత అందరూ కలిసి ప్రేమవిందు. మీ లూథరన్లలోంచే వచ్చిన దేవదాసు అయ్యగారు 1938లో బైబిల్ మిషను మొదలుపెట్టారు. జనవరి ఆఖరులో గుంటూరులో వాళ్ల మహాసభలకి ఎంత జనమో నీకు తెలుసు కదా, మీ ఊరే. ఇక పెంతెకొస్తు సంఘాలకి ఏలూరు పాతకాలపు కేంద్రం, కేరళ నుంచి వచ్చిన సేవకులు వేసిన పునాది అది. ఇప్పుడు మియాపూర్ దాకా వేలమంది కూర్చునే మందిరాలొచ్చాయి. ఆ పాటల్లో, చప్పట్లలో కన్నీళ్లతో ప్రభువు దగ్గరికి వచ్చినవాళ్లు నాకు చాలామంది తెలుసు. వాళ్ల అనుభవాన్ని నేను తీసిపారెయ్యను.

కానీ అమ్మాయ్, నువ్వు గుడి మానేసిన అసలు కారణం నిన్న సగం చెప్పి ఆగిపోయావు. నాన్నగారు పోయినప్పుడు, హాస్టల్ పక్కన నువ్వు వెళ్లే ఫెలోషిప్‌లో ఆ పాస్టరు "మీ ఇంట్లో విశ్వాసం తక్కువై స్వస్థత రాలేదు" అన్నాడని. విన్నప్పటి నుంచీ నా ప్రాణం కుతకుతలాడుతోంది. ఆ మాట అబద్ధం తల్లీ. మీ నాన్నగారికి వచ్చింది జబ్బు. ఆయన విశ్వాసాన్ని కొలిచే అధికారం ఏ మనిషికీ లేదు. లాజరు సమాధి దగ్గర ప్రభువే ఏడ్చాడు, అతని అక్కచెల్లెళ్లని విశ్వాసం తక్కువైందని తిట్టలేదు. అందుకే నేను చెప్పే గుర్తు ఇదొకటి పెట్టుకో. ఏ గుడికి వెళ్లినా, ఆ సంఘంలో ఈమధ్య ఎవరైనా చనిపోయి ఉంటే, ఆ ఇంటికి గురువుగారు ఎన్నిసార్లు వెళ్లారో, వెళ్లి ఏం మాట్లాడారో ఆ ఇంటివాళ్లనే అడుగు. ఆదివారం ప్రసంగాలు ఏడాదంతా విన్నా అంత తెలియదు.

డబ్బు సంగతి కూడా సిగ్గుపడకుండా అడగాలి. దశమభాగం ఇవ్వడం మంచిదే, మేమూ ఇస్తాం. కానీ ఆ డబ్బు ఎటు పోతుందో సంఘానికి చదివి వినిపించాలి. ఏడాదికోసారి లెక్కలు పెట్టి, పెద్దల్ని ఎన్నుకునే గుడైతే మంచిది. కానుక పెట్టె తాళం, చెక్కు బుక్కు, ప్రసంగం అన్నీ ఒకే ఇంటివాళ్ల చేతుల్లో ఉంటే జాగ్రత్తపడు. అలాగని పాత పెద్ద సంఘాల్లో అంతా బాగుందని చెప్పను. ఎకరాలకొద్దీ మిషను స్థలాల కోసం కొట్లాటలు, ఎన్నికల్లో వర్గాలు, కోర్టు కేసులు అక్కడే ఎక్కువ. కుర్రకారు విసిగిపోయి వెళ్లిపోవడానికి అదీ ఒక కారణమే, వాళ్లని నేను నిందించలేను. కులం మాటా అంతే. ఏ ఊళ్లో ఏ పేటవాళ్లు ముందు కలిస్తే ఆ సంఘం వాళ్లదన్నట్టు మిగిలిపోయిన చోట్లున్నాయి, పెళ్లి సంబంధాల దగ్గరికొచ్చేసరికి అది బయటపడుతుంది. మన తెలుగువాడు, దళిత కుటుంబంలో పుట్టిన పూల అంతోనిగారు 2022లో కార్డినల్ అయ్యారు. అంతటి రోజు వచ్చాక కూడా సంఘ పెద్దల బెంచీ మీద ఒకే కులంవాళ్లు కూర్చున్న గుడైతే, అక్కడ మీ బాబుని పెంచవద్దు.

ఇంకో రెండు విషయాలు చెబుతా, వీటిని కుర్రవాళ్లు అసలు పట్టించుకోరు. పెళ్లి జరిపించే పాస్టరుగారికి చట్టప్రకారం అధికారం ఉండాలి. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ఇప్పటికీ నడుస్తోంది. సొంతంగా మందిరం పెట్టుకున్నవాళ్లు దానికింద ప్రభుత్వం నుంచి లైసెన్సు తెచ్చుకోవాలి. అది లేకుండా పెళ్లి చేస్తే ఆ తర్వాత పాస్‌పోర్టుకో, వీసాకో సర్టిఫికెట్ చూపించాల్సి వచ్చినప్పుడు ఇబ్బంది. రెండోది సమాధుల తోట. కొత్త మందిరాల్లో చాలావాటికి తోట ఉండదు. ఈ మహానగరంలో ఆ ఆరడుగుల చోటు కోసం, పోయినవాళ్లని పెట్టుకుని సభ్యత్వ రసీదుల కోసం పరుగెత్తిన కుటుంబాలున్నాయి. నీ వయసులో ఇది ఆలోచించాలా అనిపిస్తుంది. కానీ రేపు మీ అమ్మగారు వచ్చి మీ దగ్గరే ఉంటారు కదా.

తెలుగు ఆరాధనకా, ఇంగ్లీషు ఆరాధనకా అని కూడా అడిగావు. సికింద్రాబాద్ సెయింట్ జాన్స్ లాంటి పాత గుళ్లలో ఇంగ్లీషు ఆరాధన ఎంతో క్రమంగా జరుగుతుంది. ఆ గుడి 1813 నాటిది. మీ ఆఫీసు స్నేహితులు చాలామంది అక్కడికే వెళ్తారని తెలుసు. నా కోరిక మాత్రం తెలుగే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం చూడు. అది లూథరన్ల దగ్గరా ఉంది, బాప్టిస్టుల దగ్గరా ఉంది, మా దగ్గరా ఉంది. పురుషోత్తమ చౌదరిగారు బాప్తిస్మం తీసుకున్నది 1833లో. ఆయన కీర్తనలు పాడుకునేటప్పుడు ఆయనది ఏ మిషను అని ఎవరూ అడగరు. మీ అమ్మగారికీ మీ అత్తగారికీ ఆ పాటలు నోటికి వచ్చు. బాబుకి అవి వస్తే ఇద్దరి ఒళ్లోనూ కూర్చుని పాడతాడు. ఆ తర్వాత ఇంగ్లీషు పాటలు ఎన్నైనా నేర్చుకోవచ్చు, వాటికేం తక్కువ లేదు.

సరే మరి, నన్ను తేల్చి చెప్పమంటే చెబుతాను. మీ ఇద్దరికీ లూథరన్ గుడైనా, సి.ఎస్.ఐ. గుడైనా సరిపోతుంది. అక్కడ ఇద్దరి బాప్తిస్మమూ చెల్లుతుంది, ఇద్దరూ ఒకేసారి బల్ల దగ్గరికి వెళ్లగలరు. బాబు సంగతి గురువుగారితో విడిగా మాట్లాడండి. మీ ఆయన మనసు ఒప్పుకునేదాకా ఆగుతామంటే ఆగనిస్తారు. ముందు ప్రార్థన చేయించి ఆశీర్వాదం తీసుకోండి. మీ ఆయనకి బాప్టిస్టు గుడే కావాలనిపిస్తే, సికింద్రాబాద్ సెంటినరీ బాప్టిస్టు చర్చికో, మీకు దగ్గర్లో ఉన్న ఇంకో బాప్టిస్టు గుడికో కొన్నాళ్లు ఊరికే వెళ్లి కూర్చోండి. మునగడం గురించి నీ మనసు నీకు చెప్పేదాకా సభ్యత్వం మాట ఎత్తవద్దని ముందే చెప్పు. ఏ మంచి పాస్టరైనా దానికి ఒప్పుకుంటాడు. ఒప్పుకోకుండా తొందరపెడితే అక్కడికి వెళ్లకండి.

క్రిస్మస్ దాకా ఆగవద్దు. అప్పుడు ఏ గుడైనా బాగానే ఉంటుంది, నక్షత్రాలు, క్యారల్స్, కొత్త బట్టలు. ఈ వర్షాకాలంలో, పండగ లేని ఆదివారం వెళ్లండి. అప్పుడే తెలుస్తుంది ఎవరు పలకరిస్తారో, పిల్లాడు ఏడిస్తే ఎవరు విసుక్కుంటారో, సండే స్కూల్లో పాఠం ఎవరు చెబుతున్నారో. ఒక చోటికి కనీసం రెండు నెలలు వెళ్లండి. పొద్దున ఒక గుడి, సాయంత్రం ఒక ఫెలోషిప్, రాత్రి ఫోన్లో ఇంకొకరి ప్రసంగం వద్దు. ఇంట్లో కూర్చుని వినే ప్రసంగానికి నీ పేరు తెలియదు, నువ్వు రాలేదని ఎవరూ ఫోన్ చెయ్యరు. అమెరికాలో మా అక్క మనవడు వెళ్లే తెలుగు ఫెలోషిప్‌లో లూథరన్, బాప్టిస్టు, పెంతెకొస్తు అందరూ కలిసే ఉంటారట, ఆదివారం మధ్యాహ్నం ఎవరిదో గుడి అద్దెకి తీసుకుని. అక్కడ వేరే దారి లేక కలిశారు. ఇక్కడ దారులు చాలా ఉన్నాయి కాబట్టి ఒకదాన్ని పట్టుకుని నిలబడాలి.

అదుగో, బాబు లేచినట్టున్నాడు, వెళ్లు వెళ్లు. ఒక్క పని మాత్రం ఈ వారంలోనే చెయ్యి. మీ ఊరి గురువుగారికి ఫోన్ చేసి, సంఘం రిజిస్టర్లో నీ పేరు ఇంకా ఉందో లేదో కనుక్కుని, బాప్తిస్మ పత్రం, సభ్యత్వం బదిలీ ఉత్తరం పంపించమని అడుగు. మీ ఆయన్ని కూడా వాళ్ల ఒంగోలు గుడి నుంచి తెప్పించుకోమను. మీరు ఏ గుళ్లో చేరినా సాధారణంగా ఆ రెండు కాగితాలూ అడుగుతారు.